ఆడ లాబ్రడార్‌కు స్పే ఆపరేషన్: చేయించాలా, చేయిస్తే ఎప్పుడు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఇంట్లో 7 నెలల ఆడ లాబ్రడార్ ఉంది, ఇంకా ఎదకు రాలేదు. ఒక డాక్టర్ ఈ నెలలోనే స్పే, అంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, చేయించేయమన్నారు. ఇంకో డాక్టర్ ఏడాది దాటేదాకా ముట్టుకోవద్దన్నారు. ఇంట్లో పెద్దవాళ్లేమో ఒక్కసారి పిల్లల్ని పెట్టనిచ్చాక చూద్దామంటున్నారు. నెట్‌లో వెతికితే ఒకచోట చేయించకపోతే క్యాన్సర్ అని, ఇంకోచోట చేయిస్తే క్యాన్సర్ అని కనిపించి మీకు టెన్షన్ పట్టుకుంది.

ముందు నా జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్ చేయించండి, కానీ ఇప్పుడే వద్దు. మొదటి ఎద రానివ్వండి. అది ముగిశాక సుమారు మూడు నెలలకు చేయించండి. ఎదలో ఉన్న మూడు వారాలూ దాన్ని మగకుక్కలకు అందకుండా కాపాడగలమన్న నమ్మకం లేకపోతే మాత్రం మొదటి డాక్టర్ చెప్పినట్టు ఇప్పుడే చేయించేయండి. ఆ ఇద్దరు డాక్టర్లలో ఎవరూ తప్పు చెప్పలేదు. ఒకరు గర్భసంచి, రొమ్ముల గురించి ఆలోచించారు, మరొకరు మోకాళ్ల గురించి.

పెంపుడు జంతువుల వైద్యంలో చాలా ఏళ్లుగా ఉన్నాను, ఈ ఆపరేషన్ నాకు రోజువారీ పని. అందరూ "చేయించాలా వద్దా" అనే అడుగుతారు. చాలా ఇళ్లలో నిజంగా ఆలోచించాల్సింది "ఎప్పుడు" అన్నదాని గురించే. దానికి జవాబు మీ కుక్క జాతిని, బరువును, మీ ఇంటి పరిస్థితిని బట్టి మారుతుంది. పక్కింటి పామరేనియన్‌కు సరిపోయిన సలహా మీ లాబ్రడార్‌కు సరిపోవాలని లేదు.

ఆపరేషన్‌లో ఏం చేస్తారో ముందు తెలియాలి, ఎందుకంటే అసలు చర్చంతా అక్కడే ఉంది. ఆడవాళ్లకు చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌లో గొట్టాలు మాత్రమే మూసేస్తారు. అండాశయాలు అలాగే ఉంటాయి, హార్మోన్లు మామూలుగానే పనిచేస్తాయి. కుక్కకు చేసే స్పేలో అండాశయాలనే తీసేస్తారు, సాధారణంగా గర్భసంచితో కలిపి. కొందరు సర్జన్లు గర్భసంచి ఆరోగ్యంగా ఉంటే అండాశయాలు మాత్రమే తీస్తారు, అదీ సరైన పద్ధతే. ఎలా చేసినా అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు ఆగిపోతాయి. స్పే వల్ల కలిగే మంచికీ చెడుకీ చాలావరకు మూలం ఇదే.

ఇక పయోమెట్రా, అంటే గర్భసంచిలో చీము పట్టడం. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఆపరేషన్ వద్దనుకునే ఇళ్లలో చాలామందికి ఈ పేరే తెలియదు. ఆడకుక్క శరీరంలో ఒక వింత ఉంది. ఎద అయిపోయాక చూలు నిలిచినా నిలవకపోయినా రెండు నెలల పాటు ప్రొజెస్టిరాన్ ఎక్కువగానే ఉంటుంది. అంటే ప్రతి ఎద తర్వాతా గర్భసంచి ఉత్తపుణ్యానికి చూలుకు సిద్ధమవుతుంది. లోపలి పొర మందమవుతుంది, ద్రవం ఊరుతుంది, గర్భసంచి కండరాలు కదలకుండా ఉంటాయి, రోగనిరోధక శక్తి అక్కడ కాస్త తగ్గుతుంది. ఏళ్ల తరబడి ఇదే జరిగాక, ఎద సమయంలో లోపలికి చేరిన బ్యాక్టీరియా, ఎక్కువగా ఈ.కోలై, ఒకసారి అక్కడ పట్టు దొరకబుచ్చుకుంటుంది. గర్భసంచి నిండా చీము పడుతుంది. స్వీడన్‌లో చాలామంది తమ ఆడకుక్కలకు స్పే చేయించరు, అక్కడ కుక్కలకు ఇన్సూరెన్స్ కూడా ఎక్కువ. అందుకే దీని మీద మంచి లెక్కలు ఆ దేశం నుంచే వచ్చాయి. ఆపరేషన్ కాని ఆడకుక్కల్లో దాదాపు నాలుగో వంతు పదేళ్ల వయసు లోపే పయోమెట్రా బారిన పడ్డాయని తేలింది. జాతిని బట్టి తేడా చాలా ఉంటుంది.

ఇది సాధారణంగా ఎద ముగిసిన కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల లోపు వస్తుంది. కుక్క నీళ్లు విపరీతంగా తాగుతుంది, మూత్రం ఎక్కువగా పోస్తుంది, తిండి మానేస్తుంది, మందకొడిగా పడుకుంటుంది, వాంతులు కావచ్చు. గర్భసంచి ముఖద్వారం తెరిచి ఉంటే చీము బయటికి కారి మీకు కనిపిస్తుంది. మూసుకుపోతే ఏమీ కనిపించదు, కడుపు ఉబ్బుతుంది, విషం రక్తంలోకి ఎక్కుతుంది. ఆ రెండో రకమే ఎక్కువ ప్రమాదం. అప్పుడు చేసేదీ ఇదే ఆపరేషనే. కాకపోతే వయసు మీదపడిన, జ్వరంతో, మూత్రపిండాలు దెబ్బతిన్న కుక్కకు, అర్ధరాత్రి, చీముతో ఉబ్బి ఎప్పుడు పగులుతుందో తెలియని గర్భసంచి మీద చేయాలి. ఆరోగ్యంగా ఉన్న ఏడాది వయసు కుక్కకు చేసే స్పేకీ దీనికీ పోలికే లేదు. నేను స్పే వైపు మొగ్గడానికి మొదటి కారణం ఇదే, క్యాన్సర్ కాదు.

రొమ్ము గడ్డల విషయంలో నెట్‌లో కనిపించే అంకెల్ని కొంచెం జాగ్రత్తగా చదవాలి. "మొదటి ఎదకు ముందు చేయిస్తే 0.5 శాతం, ఒక ఎద తర్వాత 8 శాతం, రెండు ఎదల తర్వాత 26 శాతం" అన్న లెక్క మీకూ కనిపించే ఉంటుంది. ఇది 1969లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలోది. చాలామంది దీన్ని "రెండు ఎదలు చూసిన కుక్కల్లో 26 శాతానికి క్యాన్సర్ వస్తుంది" అని చదువుతారు. అర్థం అది కాదు. ఆపరేషన్ కాని కుక్కకు ఉండే ముప్పును వంద అనుకుంటే, ఆపరేషన్ అయిన వాటికి అందులో ఎంత మిగులుతుందో ఆ అంకెలు చెబుతాయి. పైగా 2012లో బ్రిటన్ పరిశోధకులు ఈ విషయం మీద వచ్చిన అధ్యయనాలన్నీ ముందేసుకుని పరిశీలించి, ఆధారాలు అనుకున్నంత గట్టిగా లేవని తేల్చారు. త్వరగా చేస్తే రొమ్ము గడ్డలు తగ్గుతాయన్నది నేనూ నమ్ముతాను, ఆస్పత్రిలో కనిపించేదీ అలాగే ఉంది. కానీ ఒక్క ఎద ఆగినంత మాత్రాన కొంప మునగదు. ఆ పాత లెక్క ప్రకారం చూసినా, ఒక ఎద తర్వాత చేస్తే ముప్పు చాలావరకు తగ్గినట్టే.

రెండో డాక్టర్ ఎందుకు ఆగమన్నారో ఇప్పుడు చూద్దాం. ఎముకల చివర ఉండే పెరుగుదల పొరలు మూసుకోవడానికి ఈస్ట్రోజన్ కావాలి. చిన్న వయసులోనే అది ఆగిపోతే ఆ పొరలు ఆలస్యంగా మూసుకుంటాయి, కాళ్లు మామూలు కంటే కాస్త పొడవు పెరుగుతాయి, కీళ్ల అమరికలో తేడా రావచ్చు. చిన్న జాతుల్లో దీని ప్రభావం పెద్దగా కనిపించదు. పెద్ద జాతుల్లో, ముఖ్యంగా తొందరగా బరువు పెరిగే వాటిలో, మోకాలి లిగమెంట్ తెగడం, తుంటి కీలు సమస్యలు ఎక్కువగా నమోదయ్యాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్‌కు చెందిన హార్ట్ దంపతుల బృందం 2013లో గోల్డెన్ రిట్రీవర్ల మీద, 2020లో 35 జాతుల మీద తమ ఆస్పత్రి రికార్డుల నుంచి ఫలితాలు ప్రకటించింది. ఆడ లాబ్రడార్లకు ఏడాది దాటాక, జర్మన్ షెపర్డ్‌లకు రెండేళ్లు దాటాక అని వాళ్ల సూచన. చిన్న జాతుల్లో చాలావాటికి ఎప్పుడు చేసినా కీళ్ల విషయంలో తేడా కనిపించలేదు. ఏ జాతీ కాని కలగలుపు కుక్కల్లో కూడా పెద్దయ్యాక 20 కిలోలు దాటే వాటికి ఏడాది లోపు చేస్తే కీళ్ల ముప్పు పెరిగింది. అది ఒకే పెద్ద ఆస్పత్రికి వచ్చిన కుక్కల లెక్క కాబట్టి శిలాశాసనంలా చూడనక్కర్లేదు. అయినా మీ జాతికి అంత స్పష్టమైన సూచన ఉన్నప్పుడు, ఆగే వీలున్నప్పుడు, ఆగడమే మంచిది.

క్యాన్సర్ సంగతి జాతితో ముడిపడి ఉంది. ఆడ గోల్డెన్ రిట్రీవర్లలో ఏ వయసులో స్పే చేసినా కొన్ని క్యాన్సర్లు పెరిగినట్టు అదే బృందం చూసింది. అందుకే ఆ జాతికి స్పే చేయకుండా ఉంచడం లేదా ఏడాది వయసులో చేసి జాగ్రత్తగా గమనిస్తూ ఉండడం అని సూచించారు. రాట్‌వైలర్లలో ఏడాది లోపు చేస్తే ఎముక క్యాన్సర్ ఎక్కువైనట్టు మరో అధ్యయనం ఉంది. మీ దగ్గర ఆ జాతులు ఉండి ఉంటే నా జవాబు ఇంత సూటిగా ఉండేది కాదు. మొత్తం మీద చూస్తే మాత్రం, అమెరికా పశువైద్య కళాశాలల ఆస్పత్రుల రికార్డులతో 2013లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో ఆపరేషన్ అయిన కుక్కలే ఎక్కువ కాలం బతికాయి. వాటిలో ఇన్ఫెక్షన్లు, ప్రమాదాల వల్ల చావులు తక్కువ, క్యాన్సర్ వల్ల చావులు ఎక్కువ. ఎక్కువ కాలం బతికితే క్యాన్సర్ వచ్చే వయసుకు చేరడం కూడా ఇందులో ఒక భాగం. ఆపరేషన్ చేయించే యజమానులు మిగతా వైద్యం కూడా బాగా చూస్తారన్నది ఇంకో భాగం.

ఆడకుక్కల్లో స్పే తర్వాత వచ్చే ఇబ్బందుల్లో నన్ను ఎక్కువగా అడిగేది మూత్రం కారడం గురించి. నిద్రలో పడుకున్న చోట తడి అవుతుంది, కుక్కకు తెలియదు కూడా. 20 కిలోలు దాటిన వాటిలో ఇది ఎక్కువ. బాక్సర్, డాబర్‌మన్ వంటి జాతుల్లో మరీ ఎక్కువ. ఆపరేషన్ అయిన వెంటనే రావచ్చు, ఏళ్ల తర్వాతా రావచ్చు. ఫినైల్‌ప్రొపనాలమీన్, ఈస్ట్రియాల్ వంటి మందులతో చాలావాటికి అదుపులో ఉంటుంది, కానీ మందు ఏళ్ల తరబడి వాడాల్సి రావచ్చు. దీన్ని దాచి ఆపరేషన్ చేసే డాక్టర్ కంటే ముందే చెప్పే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

లావైపోతుందన్న భయం సగం నిజం. శరీరానికి కావలసిన శక్తి సుమారు 20 నుంచి 30 శాతం తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. పాత కొలతే పెడితే లావు కాక ఏమవుతుంది? లాబ్రడార్‌కు అసలే కడుపు నిండిందన్న ధ్యాస ఉండదు. కుట్లు మానగానే గిన్నెలో పెట్టేది తగ్గించండి, నెలకోసారి బరువు తూయించండి. పక్కటెముకలు చేతికి తేలిగ్గా తగలాలి. స్పే వల్ల మోకాళ్లకు కలిగే హాని గురించి అంత ఆందోళన పడే మనం, అదనపు బరువు చేసే హానిని పట్టించుకోకపోవడం నాకెప్పుడూ ఆశ్చర్యమే.

స్వభావం గురించి ఒక్క మాట. ఆడుకోవడం, మీ మీద ప్రేమ, ఇంటిని కాపలా కాయడం, ఇవేవీ పోవు. అల్లరి తగ్గుతుందని ఆపరేషన్ చేయిస్తే నిరాశే, 7 నెలల లాబ్రడార్ అల్లరి వయసుతో, వ్యాయామంతో తగ్గాల్సిందే. మీ కుక్క బాగా పిరికిదైతే, కొత్తవాళ్లను చూసి భయంతో గుర్రుమంటుంటే, తొందరపడకుండా ముందు ఆ విషయం మీ డాక్టర్‌తో మాట్లాడండి. అలాంటి వాటిలో కొన్నింటికి స్పే తర్వాత భయం పెరిగినట్టు నివేదికలు ఉన్నాయి.

ఒక్కసారి పిల్లలు పెడితే ఆరోగ్యానికి మంచిదన్న మాటకు నాకు ఎక్కడా ఆధారం దొరకలేదు. చూలు వల్ల పయోమెట్రా రాకుండా పోదు, స్వభావం స్థిరపడదు. కుక్క తల్లి కాలేదని దిగులు పడదు. లాబ్రడార్ ఒక్క ఈతలో ఏడెనిమిది పిల్లల్ని పెట్టడం మామూలే. ఈనడం కష్టమై సిజేరియన్ చేయాల్సి రావచ్చు. అన్నిటికీ మంచి ఇళ్లు వెతికే ఓపిక ఉందా అని పెద్దవాళ్లను మర్యాదగా అడగండి. ప్రకృతికి విరుద్ధం కదా అంటే, అవును, విరుద్ధమే. టీకాలూ అంతే.

ఇప్పుడు మీ నిర్ణయాన్ని నిజంగా తేల్చే ప్రశ్న: ఎదను మీరు సంభాళించగలరా? లాబ్రడార్‌కు మొదటి ఎద తరచుగా 8 నుంచి 14 నెలల మధ్య వస్తుంది, తర్వాత సుమారు ఆరేడు నెలలకోసారి, జీవితాంతం. మనుషుల్లోలా ఒక వయసులో ఆగిపోదు. యోని ఉబ్బి రక్తం కనిపించిన రోజును ఒకటో రోజుగా లెక్కపెట్టండి. మొదటి తొమ్మిది పది రోజులు మగకుక్కలు వెంటపడతాయి గానీ ఇది దగ్గరికి రానివ్వదు. తర్వాత రక్తం పలచబడి లేత రంగుకు వస్తుంది. అప్పుడు చాలామంది అయిపోయిందనుకుని గొలుసు విప్పేస్తారు. చూలు నిలిచే రోజులు సరిగ్గా అవే. కాబట్టి కనీసం మూడు వారాలు, ఇంకో నాలుగైదు రోజులు కలుపుకుని, బయటికి గొలుసుతోనే తీసుకెళ్లాలి, పెరట్లో ఒంటరిగా వదలకూడదు. డయపర్ మరకలను ఆపుతుంది, మగకుక్కను ఆపదు. ఇంట్లోనే ఆపరేషన్ కాని మగకుక్క ఉంటే, అది తోడబుట్టినదైనా సరే, వేరే ఇంటికి పంపాలి. పనివాళ్లు, పిల్లలు గేటు తెరిచి వదిలేసే ఇల్లయితే మిమ్మల్ని మీరు మోసం చేసుకోకండి. కోరుకోని చూలు కంటే, వీధిలో జతకట్టినప్పుడు అంటుకునే టీవీటీ అనే క్యాన్సర్ గడ్డ కంటే, ఇప్పుడే చేయించడం వల్ల కీళ్లకు పెరిగే కొద్దిపాటి ముప్పే నయం. పొరపాటున కలిసిపోతే పిల్లలు పుట్టేదాకా చూడకుండా వెంటనే డాక్టర్‌ను కలవండి, చూలు ఆపే మందులు ఉన్నాయి.

ఎద రాకుండా ప్రొజెస్టిరాన్ రకం ఇంజెక్షన్ వేయిస్తే సరిపోతుంది కదా అని కొందరు అడుగుతారు. వద్దు. పయోమెట్రాకు, రొమ్ము గడ్డలకు కారణమయ్యే హార్మోన్‌నే బయటినుంచి ఎక్కించినట్టు అవుతుంది.

ఎద ముగిశాక మూడు నెలలు ఎందుకు ఆగాలంటే, ఎదలో ఉన్నప్పుడు ఆ భాగంలో రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, రక్తస్రావం ఎక్కువయ్యే అవకాశం ఉంది. ఎద తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలకు కొన్నింటికి ఫాల్స్ ప్రెగ్నెన్సీ వస్తుంది. చూలు లేకపోయినా రొమ్ములు ఉబ్బుతాయి, పాలు వస్తాయి, బొమ్మలను పిల్లల్లా దాచుకుంటుంది, దగ్గరికెళ్తే గుర్రుమంటుంది. ఆ సమయంలో అండాశయాలు తీసేస్తే ఆ లక్షణాలు పోకుండా చాలాకాలం ఉండిపోవచ్చు. పాలు ఆగి, హార్మోన్లు అడుగంటిన రోజుల్లో చేయడమే అందరికీ సుఖం. ఇంకో చిన్న విషయం: మీ కుక్క యోని లోపలికి ముడుచుకుని ఉండి అక్కడ తరచూ ఇన్ఫెక్షన్ వస్తుంటే, ఒక ఎద రానివ్వడానికి అది ఇంకో కారణం. ఎద తర్వాత ఆ భాగం కొంత పెద్దదై సర్దుకుంటుంది.

మత్తు గురించి భయం సహజం. బ్రిటన్‌లో జరిగి 2008లో వెలువడిన పెద్ద అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లో మత్తు వల్ల మరణం సుమారు 2,000కు ఒకటి. జబ్బుగా ఉన్న వాటిలో ఇది ఎన్నో రెట్లు ఎక్కువ, వందకు ఒకటి దాటింది. మరణాల్లో దాదాపు సగం ఆపరేషన్ అయ్యాకే, అందులోనూ ఎక్కువ మొదటి మూడు గంటల్లో జరిగాయి. అందుకే ఆస్పత్రిలో ఎంత పెద్ద మెషిన్లు ఉన్నాయన్నదాని కంటే, కుక్క మెలకువలోకి వచ్చేదాకా పక్కన ఎవరు కూర్చుంటారు అని అడగండి. ముందు రక్తపరీక్ష చేస్తారా, శ్వాసగొట్టం వేస్తారా, సెలైన్ పెడతారా, ఒళ్లు చల్లబడకుండా చూస్తారా, నొప్పికి ఇంటికి మందు ఇస్తారా, ఇవి కూడా అడగండి. గోమార్లు పట్టే చోట ఉంటే ప్లేట్‌లెట్ల లెక్క చూడకుండా ఒప్పుకోకండి. గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్ పైకి కనిపించకుండానే ప్లేట్‌లెట్లను పడగొడుతుంది, అది ఆపరేషన్ బల్ల మీద బయటపడకూడదు. చిన్న రంధ్రాల ద్వారా కెమెరాతో చేసే లాప్రోస్కోపీ దొరికితే నొప్పి తక్కువ, కానీ చేతి అలవాటున్న సర్జన్ మామూలు పద్ధతిలో చేసినా ఏ లోటూ ఉండదు.

ఇంటికొచ్చాక కష్టమంతా మీదే. రెండో రోజుకే అది గెంతుతుంది, లోపలి కుట్లు మాత్రం మానవు. 10 నుంచి 14 రోజులు మెట్లు, సోఫాలు, బంతి ఆట, స్నానం అన్నీ బంద్. మెడకు కోన్ తీయకండి, జాలిపడి ఒక్క గంట తీసినా కుట్లు నాకి విప్పేసుకుంటుంది. మనుషుల నొప్పి మాత్రలు ఇవ్వకండి. ఐబుప్రొఫెన్ కుక్కలకు కడుపులో పుళ్లు చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. చిగుళ్లు తెల్లబడినా, కడుపు ఉబ్బినా, గాయం నుంచి రక్తం లేదా నీరు కారుతున్నా, రెండో రోజు కూడా ఏమీ తినకపోయినా ఫోన్ చేసి అడగడం మానేసి నేరుగా తీసుకెళ్లండి. ఆపరేషన్ అయిన కొన్ని నెలలకు మళ్లీ ఎద లక్షణాలు కనిపిస్తే అండాశయం ముక్క లోపల మిగిలిందేమో పరీక్ష చేయించాలి.

అన్నీ ఆలోచించి అసలు ఆపరేషనే వద్దనుకున్నారనుకోండి, అదీ బాధ్యతగా చేయగలిగిన పనే. ప్రతి ఎద మొదలైన తేదీ రాసుకోండి, తర్వాతి రెండు మూడు నెలలు నీళ్ల గిన్నె మీద కన్నేసి ఉంచండి, నెలకోసారి పడుకోబెట్టి రొమ్ములన్నీ వేళ్లతో తడమండి. శనగగింజంత గడ్డ తగిలినా చూపించండి, కుక్కల్లో వచ్చే రొమ్ము గడ్డల్లో సుమారు సగం ప్రమాదకరమైనవే.

చేయించే ఉద్దేశమే ఉంటే ఈ వారంలో చేయాల్సింది ఇంతే: రెండో డాక్టర్ దగ్గర బరువు, కీళ్లు ఒకసారి చూపించండి. రోజూ ఒక తెల్లగుడ్డతో యోని దగ్గర ఒకసారి అద్ది చూస్తూ ఉండండి, మొదటి రక్తం మరక చాలామంది కంటపడదు. ఆ తేదీకి మూడు వారాలు, ఆపైన మూడు నెలలు కలిపి ఆపరేషన్ రోజు అడగండి. ఏడాదిన్నర దాటినా ఎద రాకపోతే మళ్లీ అడగండి, అప్పుడు వేరే సంగతి చూడాలి.